నల్ల అంకెలలో మన కవులు

మన బొగ్గుగనుల ప్రాంతంలో అత్యధికంగా పఠింపబడే గ్రంథమేది అని ఎవరైనా ప్రశ్నిస్తే, పోతన భాగవతమనో, గాలిబ్ దీవానమనో బదులు చెప్పడం మర్యాద. కాని సత్యం పలకవలెనంటే ఆ గౌరవం గోడ క్యాలెండరుకే దక్కుతుంది. పన్నెండు పుటల ఈ గ్రంథరాజానికి సాటి మరొకటి లేదు. అక్షరం రానివారు సైతం దీనిని చదువుతారు. అక్షరాలు బాగా వచ్చినవారిలో అనేకులు దీనిని తప్ప మరొకటి చదవరు. దీనికి వ్యాఖ్యానాలు కూడ కలవు. రామగుండంలో గాని, గోదావరిఖనిలో గాని ఏ క్వార్టరులోనికి పోయి చూచినా క్యాలెండరు గళ్లనిండా వ్రాతలే. పాలవాడు నాగా పెట్టిన రోజులు, గ్యాసుబండ వచ్చిన రోజు, ఇంటాయనకు ఏ వారం మొదటి షిఫ్టో, ఏ వారం రాత్రి షిఫ్టో, ఈ నెల ఎన్ని మస్టర్లు పడినవో – సమస్తం అందులోనే. సంవత్సరాంతంలో కొందరు పాత క్యాలెండరును పారవేయక దాచుకొంటారు. అది ఆ ఇంటి చరిత్ర గ్రంథం గదా!

ఈ గ్రంథంలో రెండు రంగుల సిరా కలదు. నలుపు పనిదినాలకు, ఎరుపు సెలవులకు. కొత్త క్యాలెండరు చేతికి రాగానే విద్యార్థి కన్నులు వెదికేది ఎర్ర అంకెలనే అని వేరుగా చెప్పనవసరం లేదు. సెలవు ఆదివారంనాడు వచ్చినదా, గుండె కలుక్కుమంటుంది. మహనీయుడు ఎంతటివాడైనా సరే, ఆయన జయంతి ఆదివారంనాడు వచ్చిన ఏడు ఆయనపై మనకు గౌరవం కొంత సన్నగిల్లుతుంది. శనివారమో సోమవారమో వచ్చిన ఏడు ఆయన సేవలు దేశం మరువలేనివవుతవి.

ఇక్కడ ఒక చిత్రమైన విషయాన్ని పాఠకుల దృష్టికి తెస్తున్నాము. మన రాష్ట్రంలోని సాధారణ సెలవుల జాబితాను ఈ చివరినుండి ఆ చివరివరకు శోధించినా ఒక్క తెలుగు కవికి గాని, ఒక్క ఉర్దూ కవికి గాని ఎర్ర అంకె దొరకదు. గాంధీజీ, అంబేడ్కరు మహాగ్రంథకర్తలే; కాని వారికి దక్కిన ఎరుపు వారి గ్రంథాలకు దక్కినది కాదు. పొరుగు తమిళనాట తిరువళ్లువరుకు సంక్రాంతి రోజుల్లో ఒక సెలవు కలదు. ఆయన ఏనాడు పుట్టినదీ ఎవరికీ తెలియకపోయినా దానికి అడ్డు రాలేదు. పశ్చిమ వంగదేశంలో రవీంద్రునికి వైశాఖం 25వ నాడు సెలవు. మనకో? ఆగస్టు 29 గిడుగు రామమూర్తి పంతులు జన్మించిన రోజు, తెలుగు భాషా దినోత్సవం – నల్ల అంకె. సెప్టెంబరు 9 కాళోజీ జన్మించిన రోజు, 2014 నుండి తెలంగాణ భాషా దినోత్సవం – అదీ నలుపే. నవంబరు 9 ఇక్బాల్ జన్మదినం, ఉర్దూవారు ఉర్దూ దినంగా పాటించేది – నలుపే. డిసెంబరు 27 మిర్జా గాలిబ్ పుట్టినరోజు – నలుపే.

ఇది అన్యాయమని, కవులకు సెలవులు సాధించవలెనని కోరే విద్యార్థి మిత్రులు కొందరు కలరు. వారి సాహిత్యాభిమానాన్ని మేము శంకించడం లేదు. కాని అట్టి సెలవు మంజూరైన పక్షంలో ఆ రోజున ఏ కవి పుస్తకం తెరువబడునో, ఏ సినిమా హాలు తలుపు తెరువబడునో ఊహించడానికి జ్యోతిష్యం అక్కరలేదు.

సెలవు లేకపోయినా సభలకు మాత్రం లోటు లేదు. జయంతి సభ ఎట్లు జరుగునో విజ్ఞులు ఎరుగనిది కాదు. ఉదయం పది గంటలకని ఆహ్వానపత్రం. పదకొండున్నరకు మైకు వస్తుంది. పన్నెండుకు ముఖ్య అతిథి వస్తారు. కవిగారి పటం మాత్రం అందరికంటె ముందుగా వచ్చి, బల్లమీద ఓపికగా కూర్చొని ఉంటుంది. మొత్తం సభలో సమయపాలన పాటించిన వ్యక్తి ఆయన ఒక్కరే. దీపప్రజ్వలన, పుష్పమాలాలంకరణ, స్వాగతోపన్యాసం, శాలువాలు. తరువాత వక్త లేచి, కవిగారు ఎక్కడ పుట్టినారో, తల్లిదండ్రులు ఎవరో, ఏ బిరుదులు పొందినారో చెప్పి, రచనల దగ్గరకు రాగానే "సమయాభావం వల్ల ముగిస్తున్నాను" అంటారు. వందన సమర్పణతో సభ ముగుస్తుంది. కవిగారు మళ్లీ బీరువాలోనికి పోతారు. దండ పటానికే ఉంటుంది. వచ్చే నెల జయంతికి ఆ దండే మరొకరి పటానికి మారినా ఆశ్చర్యపడవలసినది లేదు.

ఇందులో హాస్యం కంటె విషాదమే అధికం. జనం మాట్లాడే భాష పుస్తకాలలోనికి రావలెనని జీవితమంతా పోరాడినవారు గిడుగు. ఆయన జయంతినాడు మన వక్తలు ఎవరూ ఏనాడూ మాట్లాడని భాషలో ఉపన్యసిస్తారు. కాళోజీ తల్లి కన్నడిగురాలు, తండ్రి మహారాష్ట్రీయుడు. ఆయన ఉర్దూ తెలిసినవాడు. తెలుగును తనదిగా చేసుకొన్నవాడు. అట్టివాని పేరిట జరిగే భాషా దినోత్సవంలో భాషల మధ్య గోడలు కట్టే ఉపన్యాసాలు వినవలసి రావడం కవిగారి పటానికి కూడ కష్టమే.

ఇంతకూ ఈ పుట్టినరోజులన్నీ నిజమేనా అన్న సందేహం కొందరికి కలుగవచ్చును. శ్రీశ్రీకి 1910 ఏప్రిల్ 30 అని లోకం స్థిరపరచుకొన్నది. కాని ఆ ఏడాదిలోనే వేరు తేదీలు కూడ ప్రచారంలో ఉన్నవి. ఇక్బాల్ జన్మదినం 1873 ఫిబ్రవరి 22 అని ఒకనాటి పుస్తకాలు చెప్పినవి. ఆయన తన పరిశోధన వ్యాసంలో స్వయంగా వ్రాసిన హిజ్రీ తేదీని లెక్కగట్టి 1877 నవంబరు 9 అని తరువాతివారు నిర్ణయించినారు. షేక్స్‌పియరు అంతటివానికి సైతం 1564 ఏప్రిల్ 26న జ్ఞానస్నానం చేయించినారన్న ఆధారమే గాని పుట్టిన తేదీకి ఆధారం లేదు. బమ్మెర పోతనకు, వేమనకు కూడ కచ్చితమైన జన్మదినం లేదు. లేకపోయినా వారికి కలిగిన నష్టమేమి? నాగటివెంట నడిచే రైతు, పిల్లలను జోకొట్టే అవ్వ వారి పద్యాలు చెప్పుకొన్నారు. పుట్టిన తేదీ తెలిసిన కవిని మనం ఏడాదికి ఒకసారి తలచుకొంటాము. తెలియనివానిని నిత్యం తలచుకొంటున్నాము. ఏది మేలో కవులే నిర్ణయించుకొనవలెను.

తేదీ తెలిసినా చిక్కు తీరదు. ఏ క్యాలెండరు ప్రకారం? గాలిబ్ హిజ్రీ 1212 రజబ్ 8వ నాడు పుట్టినాడు. హిజ్రీ సంవత్సరం సూర్యసంవత్సరానికి సుమారు 11 రోజులు తక్కువ. కనుక ఆ లెక్కన పుట్టినరోజు జరుపుకొనేవారు ముప్పైమూడేళ్లకు ఒక ఏడు అదనంగా పెద్దవారవుతారు. మిఠాయి విషయంలో ఇది లాభమే. పదవీ విరమణ విషయంలో ఆలోచించవలసినదే. తిథుల ప్రకారం జరుపుకొనేవారికి అధికమాసం అడ్డు వస్తుంది. పండుగ సెలవు ఈనాడా, రేపా అని పంచాంగకర్తలు తర్కించుకొంటారు. నెలవంక కనిపించినదా, లేదా అని మరొకవైపు పెద్దలు ఆకాశం వంక చూస్తారు. రెండు తగాదాలకూ కారకుడు ఒకే చంద్రుడు. ఆయన ప్రభుత్వ ఉత్తరువులు చదివి ఉదయించేవాడు కాడు. కనుకనే రంజాను సెలవు విషయంలో మన హాస్టలు విద్యార్థులందరూ, మతభేదం లేకుండా, ఏకాగ్రతతో ఆకాశాన్ని పరిశీలిస్తారు. జాతీయ సమైక్యతకు ఇంతకు మించిన దృష్టాంతం లేదు.

నిజాం పాలనలో మన తాతలు ఈ రెండింటితోపాటు ఫసలీ క్యాలెండరును కూడ మోసినారు. ఆజూరు, దై, బహమన్ అని నెలల పేర్లు. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. వారపు సెలవు శుక్రవారం. ఆనాటి భూముల కాగితాలు ఇంట ఉన్నవారికి ఈ కూడిక ఇప్పటికీ తప్పదు. మన తాతలు క్యాలెండరు చూచేందుకే గణితం నేర్చినారని చెప్పినా తప్పులేదు.

కవుల సంగతి అట్లుండగా, మన ఊరి సామాన్యుల పుట్టినరోజుల కథ మరీ విచిత్రం. ఒక తరం వారిలో జూలై 1న పుట్టినవారు లెక్కలేనంతమంది. ఆనాడు ఆకాశంలో ఏ విశేష నక్షత్రమూ ఉదయించలేదు. బడిలో చేర్చుకొన్న పంతులుగారి కలం ఉదయించినది, అంతే. పిల్లవానికి ఐదు నిండినట్లు లెక్క సరిపోవలెను గనుక ఆయన ఒక తేదీ వేసినారు. ఆ పిల్లవాడు పెరిగి పెద్దవాడై గనిలో చేరినాడు. కంపెనీ రికార్డులో మళ్లీ ఒక తేదీ పడినది. తల్లి చెప్పే లెక్క – పెద్దవాన పడిన ఏడు, పీర్ల పండుగ వెళ్లిన మూడవ రోజు – ఏ రికార్డులోనూ పట్టలేదు.

గని కార్మికుడు తన పుట్టినరోజున కేకు కోసినది లేదు, దీపం వెలిగించినది లేదు. ఆ తేదీ ఆయనకు ఒక్కసారే అక్కరకు వస్తుంది – ఇక పనిలోనికి రావలదని చెప్పే నెలలో. ఆ నెలాఖరున ఆయనకు శాలువా కప్పుతారు, దండ వేస్తారు, నాలుగు మంచి మాటలు చెప్పుతారు. కవికి ఏటేటా జరిగే సభ కార్మికునికి జీవితంలో ఒకసారి జరుగుతుంది. రెండు సభలలోనూ ఒక పోలిక గలదు. ఆయన చేసిన పని ఎట్టిదో అక్కడ ఎవరూ వివరంగా అడుగరు.

తేదీల తికమక మనుష్యులకే కాదు, కంపెనీకి కూడ కలదు. సింగరేణి ఎప్పుడు పుట్టినది? 1871లో ఇల్లందు దగ్గర డాక్టరు కింగ్ బొగ్గును కనుగొన్నప్పుడా? 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ తవ్వకపు హక్కులు పొందినప్పుడా? 1889లో బొగ్గు బయటికి వచ్చినప్పుడా? 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ అన్న పేరు నమోదైనప్పుడా? ఆవిర్భావ దినోత్సవం జరిగేది డిసెంబరు 23నే. అనగా తన కార్మికుని వలెనే కంపెనీ కూడ కన్నతల్లి లెక్కను కాక రికార్డు తేదీనే పాటిస్తున్నది. ఈ సమానత్వాన్ని మేము హర్షిస్తున్నాము.

ఇక మన ప్రాంతపు సెలవుల పదకోశాన్ని పరిశీలిద్దాము. విశ్వవిద్యాలయాలలో పీహెచ్‌డీ సంపాదించడానికి నాలుగైదేళ్లు పడుతుంది. మన గనులలో ఏడాదికి కొన్ని పీహెచ్‌డీలు అందరికీ లభిస్తవి. ఇక్కడ ఆ మూడక్షరాలకు జీతంతో కూడిన సెలవు అని అర్థం. బయటి ఊరినుండి సంబంధం వెతుక్కొంటూ వచ్చినవారు "అబ్బాయికి ఈ నెల పీహెచ్‌డీ ఉన్నది" అన్న మాట విని పొంగిపోతే ఆ తప్పు మనది కాదు. అంతకంటె గొప్ప పదం ప్లేడే. ఆదివారం గనికి విశ్రాంతి దినం. ఆ రోజున ఎవరినైనా పనికి పిలిస్తే అది ప్లేడే. ఆడుకొనే రోజు అని పేరు, పనిచేసే రోజు అని అర్థం, రెట్టింపు కూలి అని ఫలం. ఇంత లోతైన పదాన్ని ఏ నిఘంటుకారుడూ సృష్టించలేడు.

సెలవునాడు కూడ గని పూర్తిగా నిద్రపోదు. ఊటనీటికి ఆదివారం తెలియదు, పంపులు నడువవలెను. గాలిపంకా తిరుగవలెను. ఊరంతా పండుగ వంట తింటున్నవేళ ఎవరో ఒకరు అక్కడ కనిపెట్టుకొని కూర్చొని ఉంటారు. ఎర్ర అంకె అందరికీ ఎర్రగా ఉండదని మన ప్రాంతపు బిడ్డలకు వేరే బోధించవలసిన పని లేదు.

ఈ సందర్భంలో కొన్ని తేదీలను పక్కపక్కన ఉంచి చూడవలసినదిగా కోరుతున్నాము. ఏప్రిల్ 30 శ్రీశ్రీ జన్మదినం. మరునాడే మే డే. శ్రామికుని పక్షాన నిలిచిన కవి ఒక్క రోజు ఆగి పుట్టినట్లయితే ఆయనకు ఎర్ర అంకె ఉచితంగా లభించేది. తొందరపడినాడు. కాని జూన్ నెలకు వచ్చేసరికి ఈ పరిహాసం మన నోట ఆగిపోతుంది. శ్రీశ్రీ 1983 జూన్ 15న మరణించినాడు. ఆయన ఇరవయ్యవ వర్ధంతి 2003లో ఆదివారంనాడు వచ్చినది. మరునాడు సోమవారం, జూన్ 16న, గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోనికి నీరు ముంచుకొని వచ్చి 17 మంది కార్మికులు మరణించినారు. మన విద్యార్థులలో చాలమంది అప్పటికి పుట్టనే లేదు. క్యాలెండరులో ఆ అంకె నల్లగానే ఉన్నది. పక్కన ఒక్క మాట కూడ అచ్చుకాదు.

డిసెంబరు 27 గాలిబ్ పుట్టినరోజని ఉర్దూ విభాగంలో అందరికీ తెలుసును. 1975లో అదే రోజున ధన్‌బాద్ ప్రాంతంలోని చాస్నాలా గనిలో నీరు చొచ్చుకొని వచ్చి 370 మందికి పైగా కార్మికులు జలసమాధి అయినారు. గని బిడ్డలకు ఆ తేదీ రెండు విధాల జ్ఞాపకం ఉండవలెను. ఒకదానికొకటి అడ్డుకాదు. మనిషి దుఃఖాన్ని తెలిసిన కవి పేరున ఒక సభ జరిగేచోట ఆ కార్మికుల కొరకు రెండు నిమిషాలు నిలబడితే ఆ సభకు గౌరవం పెరుగునే గాని తరుగదు.

ఇతర దేశాలవారు తమ రచయితలను ఎట్లు స్మరిస్తున్నారో చూడండి. స్కాట్లండువారు జనవరి 25న తమ కవి రాబర్టు బర్న్స్ పేరున భోజనానికి కూర్చొని, ఆయన కవితలు కంఠస్థంగా చదువుతారు. ఐర్లండు రాజధాని డబ్లిన్‌లో జేమ్స్ జాయిస్ పుట్టినరోజు కంటె, ఆయన నవలలో కథ జరిగిన రోజునే ఘనంగా జరుపుతారు. ఆ నవల కథ మొత్తం 1904 సంవత్సరంలోని ఒకే ఒక సామాన్యమైన పనిదినంలో జరుగుతుంది. ఏటా ఆ రోజున జనం వీథులలో చేరి ఆ పుస్తకాన్ని బిగ్గరగా చదువుతారు. ఆ తేదీ జూన్ 16. మన గోదావరిఖనికి మరువరాని తేదీ కూడ అదే. ఒక నగరం తన సామాన్యుని ఒక్క దినాన్ని అంతగా గౌరవించుకొంటున్నప్పుడు, మన సామాన్యుల చివరి దినాన్ని మనం ఒక్క గంటసేపైనా గౌరవించుకొనలేమా?

మన కళాశాల రెండు భాషల కళాశాల. ఈ వార్షిక సంచికనే తీసుకొనండి. తెలుగువారు ముందు అట్ట అనుకొనేది ఉర్దూవారికి వెనుక అట్ట. ఉర్దూవారి మొదటి పుట మనకు చివరిది. రెండు వైపులనుండి బయలుదేరినవారు నడుమ ఎక్కడో కలుసుకొంటారు. అయితే నిజంగా కలుసుకొంటున్నారా? తమ భాషా విభాగం ముగిసిన పుటదాకా చదివి అక్కడే ఆగిపోయేవారే అధికమని మా అభిప్రాయం.

మనం నోరారా పలికే "పుట్టినరోజు" అన్న మాటనే చూడండి. "పుట్టిన" అచ్చమైన తెలుగు. "రోజు" పారసీకం నుండి వచ్చి మన ఇంట స్థిరపడినది. తారీఖు, హాజరు, నాగా – ఇవేవీ లేకుండా మన క్యాలెండరును గాని, మస్టరు పుస్తకాన్ని గాని వివరించడం సాధ్యం కాదు. ఇట్లు తెలుగులో కలిసిపోయిన పరభాషాపదాలను ఏరి, 1854లో ఒక మిశ్ర నిఘంటువును ప్రకటించినవాడు ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్. పుట్టినరోజు తెలియని వేమన పద్యాలను 1829లో అచ్చువేయించినవాడు కూడ ఆయనే. ఆయన పుట్టినరోజు ఏదో తెలియునా? 1798 నవంబరు 10. నవంబరు 9న ఇక్బాల్. నవంబరు 10న బ్రౌన్. నవంబరు 11న మౌలానా అబుల్ కలాం ఆజాద్, జాతీయ విద్యా దినోత్సవం. ఒక ఉర్దూ కవి, ఒక తెలుగు నిఘంటుకారుడు, వారి పక్కనే ఒక విద్యామంత్రి. మన కళాశాల కోసమే ఎవరో పేర్చిపెట్టినట్లున్న మూడు రోజులు ఇవి. ఇట్టి వరుస మరొక కళాశాలకు దొరికితే ఏటా పెద్ద ఉత్సవమే చేసి ఉండేది.

భాషలు ఒకరి ఇంటినుండి మరొకరి ఇంటికి రాకపోకలు సాగించినట్లు మన కవులు ఎరుగుదురు. హైదరాబాదు రాజ్యంలో చెరసాల అనుభవించిన దాశరథి 1961లో "గాలిబ్ గీతాలు" పేరున గాలిబ్‌ను తెలుగువానిగా చేసినాడు. మన పాత కరీంనగరం జిల్లాలోని హనుమాజీపేటలో పుట్టిన నారాయణరెడ్డి ఉర్దూ మాధ్యమంలో చదివి, తెలుగులో గజళ్లు వ్రాసి, 1988 సంవత్సరానికి జ్ఞానపీఠం అందుకొన్నాడు. ఒకరి జయంతి జూలై 22, మరొకరిది జూలై 29. నడుమ వారం రోజులే. కార్మికోద్యమానికి నాయకుడై ఉర్దూలో కవిత్వం వ్రాసిన మఖ్దూం మొహియుద్దీన్ 1908 ఫిబ్రవరి 4న మెతుకుసీమలోని ఆందోలులో జన్మించినాడు. ఆ నెలలోనే 21వ తేదీన అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం. ఇన్ని రోజులు ఉండి కూడ, గాలిబ్‌ను చదివిన తెలుగు విద్యార్థి, గురజాడను చదివిన ఉర్దూ విద్యార్థి మన కళాశాలలో ఎందరని ఎవరైనా అడిగితే మనం క్యాలెండరు వంక చూడవలసినదే.

కనుక కవులకు ఎర్ర అంకెలు కోరడం మానుకొందామని మా సూచన. వారు నల్ల అంకెలలోనే ఉందురు గాక! నలుపు మనకు అవమానం కాదు. మన తండ్రుల చేతులకు, చొక్కాలకు, ఊపిరికి అంటినది ఆ రంగే. మన ఫీజులు కట్టినదీ, మన పుస్తకాలు కొన్నదీ ఆ రంగే. నల్ల అంకె పనిదినం. కవికి పని ఇచ్చిన రోజు, అనగా ఆయన పుస్తకాన్ని మనం తెరచిన రోజు, ఆయనకు నిజమైన జయంతి. ఆ రోజున ఒకవేళ ఆదివారం వచ్చినదనుకొనండి, మరీ మంచిది. దానిని ప్లేడేగా భావించి చదువుదాము. రెట్టింపు కూలి దానంతటదే లభిస్తుంది.

ఈ అభిప్రాయాన్ని పురస్కరించుకొని కళాశాల కమిటీ పెద్దలకు నాలుగు మనవులు చేస్తున్నాము. ఖర్చుతో కూడినవి కావు గనుక ఆమోదానికి ఇబ్బంది ఉండదని నమ్ముతున్నాము.

మొదటిది: కవి జయంతినాడు గ్రంథాలయం ఒక గంట అధికంగా తెరచి ఉంచవలెను, దండకు, శాలువాకు అయ్యే సొమ్ముతో ఆ కవి పుస్తకం ఒకటి కొనవలెను. పటం గోడకుంటుంది, పుస్తకం చేతికి వస్తుంది.

రెండవది: తెలుగు కవి జయంతినాడు ఉర్దూ విభాగపు విద్యార్థి, ఉర్దూ కవి జయంతినాడు తెలుగు విభాగపు విద్యార్థి మాట్లాడవలెను. ఉచ్చారణలో దోషాలు దొర్లుతవి, సభ నవ్వుతుంది. నవ్విన సభ నిద్రపోదు గదా! జీవితచరిత్రకు రెండు నిమిషాలు, రచన చదవడానికి పది నిమిషాలు అని నియమం పెట్టినచో "సమయాభావం" అన్న మాట మన కళాశాలలో వినబడదు.

మూడవది: కళాశాల పక్షాన ఏటా ఒక క్యాలెండరు రెండు లిపులలో అచ్చువేయించవలెను. కవుల జన్మదినాలతోపాటు మన ఊరి తేదీలు కూడ అందులో ఉండవలెను. జూన్ 16 పక్కన ఆ 17 మంది కార్మికుల స్మృతి అని ఒక్క వాక్యం ఉంటే చాలును. అది సెలవు కానక్కరలేదు. వేసవి సెలవుల తరువాత పాఠాలు మొదలయ్యే రోజులవి. ఆనాటి మొదటి పాఠం అదే అయితే అంతకంటె మంచి ప్రారంభం ఉండదు.

నాలుగవది: పదవీ విరమణ చేసిన పెద్దలను ఏడాదికి ఒకసారైనా కళాశాలకు పిలిచి, శాలువా కప్పడంతో సరిపెట్టక, వారిచేత మాట్లాడించి విద్యార్థులు వ్రాసుకొనవలెను. తట్టా, చెమ్మస్ పట్టి చేతులతో బొగ్గు నింపిన తరం వెళ్లిపోతున్నది. ఆ పని యంత్రాల పాలైనది. పనితోపాటు దాని మాటలు కూడ పోతున్నవి. వాటిలో తెలుగున్నది, ఉర్దూ ఉన్నది, ఇంగ్లీషు విరిగి ముక్కలై ఉన్నది. బ్రౌను దొర సముద్రాలు దాటి వచ్చి మన మాటలను ఏరినాడు. మనం వీథి దాటితే చాలును.

విద్యార్థి మిత్రులారా, ఈ సంచిక మీ చేతికి అందేనాటికి గోడమీద కొత్త క్యాలెండరు వ్రేలాడుచుండును. ఎర్ర అంకెలను లెక్కపెట్టుకొనండి, మేము వలదనము. ఆ పిమ్మట ఒక్క నల్ల అంకెను ఎన్నుకొని, దాని పక్కన మీకు తెలియని భాషలోని ఒక కవి పేరు వ్రాసుకొనండి. పాలలెక్కకు, గ్యాసుబండకు చోటు దొరికిన గడిలో గాలిబ్‌కో గురజాడకో కొంచెం చోటు దొరకకపోదు.